వంటిల్లు కనబడట్లేదు

"వంటిల్లు కనబడట్లేదేంటి?" ముందుగదిలోంచి భర్త కేక వేశాడు.

ఆమె పాలు పొంగిపోకుండా పొయ్యి దగ్గర కాపలా కాస్తోంది. కనబడనిది తను నిలబడ్డ వంటిల్లు కాదని ఆమెకు తెలుసు. ఇళ్ల ప్లాన్లు గీసే ఆ చిన్న ఆఫీసు ఇంటి ముందుగదిలోనే నడుస్తుంది. మూడు కంప్యూటర్లు, మూడూ ఒకదానికొకటి కలిపి ఉంటాయి. వాటికి పేర్లు పెట్టింది మరిది. అన్నగారిది 'బాస్', తనది 'పులి'. ముందుగదికీ వంటింటికీ మధ్య నడవాలో, చేతులు కడుక్కునే సింకు పక్కన ఇరుకున పడి ఉన్న ఆమెది 'వంటిల్లు'. ఆ పేరు పెట్టిన రోజు అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఆమె కూడా నవ్వింది. వాళ్లు నవ్వారన్నది ఎప్పుడో మర్చిపోయింది కానీ తనెందుకు నవ్విందో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

"వస్తున్నానండీ, పాలు..."

"పాలెక్కడికీ పోవులే. ముందిది చూడు."

పొయ్యి కట్టేసి వెళ్లింది. ప్రింటరు మొరాయించినా, ఇంటర్నెట్ పోయినా, మరిది ఏదో అడ్డమైన సినిమా దించుకుంటూ వైరస్‌ని ఇంట్లోకి తెచ్చినా కేక వంటింటివైపే వస్తుంది. బాగయ్యాక మాత్రం అత్తగారు పక్కింటావిడతో "మావాళ్లకి కంప్యూటర్లు కొట్టిన పిండి" అంటుంది. ఆమె, భర్త ఒకే చదువు చదివారు. పెళ్లయ్యాక పని పంచుకున్నారు. గీయడం ఆమె వంతు, కింద సంతకం పెట్టడం అతని వంతు.

"నీ మిషను మా లిస్టులోంచి మాయమైంది చూడు" అన్నాడు భర్త, కుర్చీలోంచి కదలకుండా తెర చూపిస్తూ. నిజమే. బాస్ ఉన్నాడు, పులి ఉంది, వంటిల్లు లేదు.

కారణం వెతకాల్సిన పని ఆమెకు లేదు. నిన్న పాత రౌటరు చెడిపోతే కొత్తది పెట్టారు. కొత్త లైను తగలగానే ప్రతి మిషనూ ఒకే ప్రశ్న అడిగింది. ఇది మీ ఇల్లా, బయటి చోటా? ఇక్కడున్న మిగతావాళ్లకి మీరు కనిపించొచ్చా? అన్నదమ్ములిద్దరూ చదవనైనా చదవకుండా ఇల్లు అని నొక్కేశారు. ఆమె మాత్రం చదివింది. ఈ ఇంట్లో అడుగుపెట్టాక ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు. పడకగది తలుపుకి రంగులేసినప్పుడు ఊడదీసిన గడియ మళ్లీ బిగించమంటే, "మనింట్లో మనకి గడియెందుకమ్మా?" అంది అత్తగారు. అంతే, ఆ తలుపు అప్పట్నుంచీ ఎవరు తోస్తే వాళ్లకి తెరుచుకుంటోంది. నిన్న ఆమె వేలు దానంతటదే బయటి చోటు మీదకు వెళ్లింది. పొరపాటున నొక్కానేమో అనుకుంది మొదట. సరిదిద్దడానికి నిమిషం పట్టదు. సరిదిద్దలేదు.

ఎందుకంటే ఆ మిషన్‌లో బస్‌స్టాండు ఉంది. బస్‌స్టాండులో ఆడవాళ్లు కూర్చునే గదికి మంచి నమూనా కావాలని పోటీ పెట్టారు. ఎవరైనా పంపొచ్చు, గీసినవారి పేరు ఉంటే చాలు. ఆఖరి రోజు ఇవాళే. ఆమె గీసిన గదికి గోడ బదులు జాలీ ఉంటుంది. లోపల పిల్లకి పాలిచ్చే తల్లికి వచ్చే బస్సు కనబడుతుంది, బస్సులో ఉన్నవాళ్లకి ఆమె కనబడదు. ఆ జాలీ కంతలు ఎంత పెద్దవి ఉండాలో తేల్చడానికి ఆమె ఎన్ని మధ్యాహ్నాలు నిద్ర మానుకుందో ఆమెకే తెలుసు.

ఇదే గది తొలి చిత్తు ఇంతకు ముందొకసారి మరిది కంట పడింది. కూర్చున్నచోటు నుంచే ఆమె ఫైలు తెరిచి, కప్పు మీద జెండాకి బదులు ఒక గరిట గీసి పెట్టాడు. "సరదాకి వదినా! ఆ మాత్రం తమాషా తట్టుకోలేకపోతే ఎలా?" అన్నాడు. అంతకంటే ముందు డాక్టరు గారింటి మెట్లు పోయాయి. మోకాళ్ల నొప్పులున్న డాక్టరు గారి తల్లి ఆయాసపడకుండా ఎక్కేలా, మధ్యలో కిటికీ పక్కన ఆగి కూర్చునేలా ఆ మెట్లు గీసింది ఆమె. టీ కప్పులతో ముందుగదిలోకి వచ్చేసరికి భర్త అంటున్నాడు, "ఉన్నట్టుండి ఐడియా వచ్చిందండీ." డాక్టరు గారు అతని భుజం తట్టారు. ఆమె కప్పులు పెట్టి వచ్చేసింది. తర్వాత అడిగితే, "మొగుడూ పెళ్లాల మధ్య నీది నాది ఏంటే? నీ ఫైలు తెరిచే ఉంది, తీసుకున్నాను" అన్నాడు. అత్తగారు మరో అడుగు ముందుకేసి, "వాడి పేరు పైకొస్తే నీక్కాదూ గొప్ప?" అంది. గొప్పే. ఆ గొప్పకి పేరు మాత్రం ఆమెది కాదు.

"ఏంటలా నిలబడిపోయావ్? కనబడేలా చెయ్యి" అన్నాడు భర్త. "ఇంట్లో దాపరికాలేంటి?"

"చేస్తానండీ."

నడవాలోకి వచ్చి కూర్చుంది. చెయ్యనంటే ఎందుకని అడుగుతాడు. చేస్తే ఈ పూటే మరిది గరిట మళ్లీ లేస్తుంది, లేదా బస్‌స్టాండు కింద భర్త సంతకం పడుతుంది. ముందు ఆఫీసు ప్లాన్లన్నీ బాస్‌లోకి నకలు తీసి పెట్టింది. రేపు పని ఆగిందన్న మాట పడకూడదు. తర్వాత చెప్పినట్టే ఇది ఇల్లేనని మార్చింది. చివరికి, తన ఫైళ్లు ఎవరైనా చూడొచ్చు అని ఇన్నాళ్లూ ఉన్నచోట, పాస్‌వర్డు తెలిసినవాళ్లు మాత్రమే అని పెట్టింది. ఏ మాట పెట్టాలా అని ఎక్కువసేపు ఆలోచించలేదు. తెలిసినవాళ్లకి మిషన్లు సర్దిపెట్టేటప్పుడు ఆమె తప్పనిసరిగా ఒకటి చెబుతుంది, ఆ ఒక్కటీ పెట్టకండి, దొంగ మొదట అదే కొట్టి చూస్తాడు అని. ఇప్పుడు తనే అది పెట్టింది. ఈ ఇంట్లో అంతకన్నా భద్రమైన మాట ఆమెకు తోచలేదు.

"ఆఁ, కనబడింది" అన్నాడు భర్త. ఆ వెంటనే, "ఇదేంటి, పాస్‌వర్డు అడుగుతోంది?"

"ఆఫీసు ఫైళ్లన్నీ మీ దాంట్లో పెట్టానండీ."

"మరి నీ దాంట్లో ఏముంది?"

ఆమె జవాబివ్వలేదు. పెళ్లయ్యాక అతని ప్రశ్నకి జవాబు ఇవ్వకపోవడం అదే మొదలు. లేచి ఇటు వస్తాడేమోనని భయపడింది. ముందుగదికీ నడవాకీ మధ్య నాలుగడుగులు. కానీ ఈ ఇంట్లో ఎవరూ ఆమె దగ్గరికి రారు, ఆమెనే పిలుస్తారు. ఇవాళ ఆ అలవాటే ఆమెకు అక్కరకొచ్చింది.

"చెప్పదటరా? ఎంత మాట!" అంది ముందుగదిలోనే కూర్చున్న అత్తగారు. "రేపే ఎవరినైనా పిలిపించి దాన్ని తుడిపించి పారెయ్."

"తుడిపిస్తానే. ముందిది చూడనీ" అన్నాడు భర్త. "ఆడవాళ్ల పాస్‌వర్డు ఎంతసేపు, నా పేరే అయ్యుంటుంది."

ఠంగుమంది మిషను. తప్పు.

మరిది ఉత్సాహంగా కుర్చీ లాక్కున్నాడు. తన పేరు కొట్టించాడు. ఠంగ్. అత్తగారి పేరు. ఠంగ్. పోయిన మామగారి పేరు కూడా కొట్టారు. అమ్మా కొడుకులు పొడుపుకథ విప్పుతున్నట్టు ఒకరికొకరు అందిస్తున్నారు. అత్తగారు చిన్నప్పుడు పెంచిన కుక్కపిల్ల పేరు గుర్తొచ్చి అదీ చెప్పింది. ఠంగ్.

ఇటు నడవాలో ఆమె పోటీవాళ్ల పేజీ తెరిచింది. బస్‌స్టాండుని అందులో పెట్టింది. రేపు ఈ మిషన్‌ని తుడిచినా తుడుస్తారు, తన పని అంతటితో ఆగినా ఆగుతుంది. ఎక్కడికీ వెళ్లే దారి లేదని ఆమెకు తెలుసు. గీసినవారు అన్నచోట గీత మినుకుమినుకుమంటోంది.

"ఇంట్లో అందరి పేర్లూ అయిపోయాయి కదన్నయ్యా" అన్నాడు మరిది విసుగ్గా. "ఇంకెవరున్నారు?"

ఇందాక పాస్‌వర్డుగా పెట్టుకున్న తన పేరునే ఆమె అక్కడ మళ్లీ కొట్టి, పంపించు అన్నదాని మీద నొక్కింది.