బతికున్న ఐలిఫ్‌కి చావు కేకు

ఉత్తర ధ్రువానికి దగ్గరగా ఉన్న ఒక చిన్న దీవిలో, నవంబరు ఆఖరి వారంలో సూర్యుడు కొండ వెనక్కి దిగిపోయాడు. ఇక జనవరి దాకా రాడు. ఆ రోజే ఐలిఫ్ కూడా ఒక నిర్ణయానికొచ్చాడు. నలభై ఏళ్లు పడవ ఇంజన్లతో కుస్తీ పట్టి రిటైరైన మనిషి. భార్య తోరా పోయాక ఇది రెండో చలికాలం. చలికాలమంతా ఎలుగుబంట్లు పడుకోగా లేనిది, తాను పడుకుంటే తప్పేమిటనుకున్నాడు. ఎండుచేపలు, కాఫీపొడి తెచ్చిపెట్టుకుని, తెరలు దించి, ఫోను సొరుగులో పడేసి దుప్పట్లో దూరాడు.

ఆ దీవిలో చీకటి రోజులొచ్చాయంటే ప్రతి కిటికీలోనూ నక్షత్రదీపం వెలగాల్సిందే. ఐలిఫ్ కిటికీ ఒక్కటే ఊడిన పన్ను చోటులా నల్లగా కనిపించింది. ఎదురింటి బోర్గిల్డ్ రెండుసార్లు తలుపు తట్టింది. ఐలిఫ్ చెవుల మీద దిండు పెట్టుకున్నాడు. మూడు వారాలైనా అతని గుమ్మం ముందు మంచులో తన అడుగులు తప్ప ఒక్క జాడ పడకపోయేసరికి, ఇక పోయాడనుకుని, ఆమె ముక్కు చీదుకుంటూ చావింట పంచే కేకు చేయడానికి కూర్చుంది.

మర్నాడు మధ్యాహ్నం పన్నెండింటికి, తలుపు పగలగొట్టడానికి సుత్తి, తర్వాత పంచడానికి కేకు పట్టుకుని వచ్చింది. వెంట చర్చిలో పాటలు నేర్పే రాగ్నా. సుత్తి చప్పుడుకి ఐలిఫ్ ఉన్ని లోదుస్తుల్లోనే వచ్చి తలుపు తీశాడు.

"బతికే ఉన్నావా?" అంది బోర్గిల్డ్.

"ఏం, ఉండకూడదా అక్కా?"

"ఉండొచ్చయ్యా. ఆ మాటేదో నిన్న చెప్పొచ్చుగా! పన్నెండు గుడ్లు పడ్డాయి దీంట్లో."

కేకు వెనక్కి తీసుకుపోవడం ఇద్దరికీ ఇష్టం లేదు. లోపలికొచ్చి కొవ్వొత్తులు వెలిగించారు, పొయ్యిలో కట్టెలు వేశారు, కాఫీ పెట్టారు. ఐలిఫ్ ప్యాంటు తొడుక్కుని వచ్చి, రాగ్నా చేతిలోని కాగితం చూశాడు.

"ఏమిటది?"

"నీ గురించి నాలుగు మంచి మాటలు. చర్చిలో, నీ అంత్యక్రియలప్పుడు చదువుదామని."

"చదువు మరి."

రాగ్నా గొంతు సవరించుకుంది. "ఐలిఫ్ తీసుకున్న నిచ్చెన తిరిగి ఇచ్చేసేవాడు."

"తర్వాత?"

"అంతే. మిగతావి తట్టలేదు."

"అరవై తొమ్మిదేళ్లు బతికితే నిచ్చెనేనా!" ఐలిఫ్‌కి రోషం వచ్చింది. "నేను పాడేవాణ్ణి, తెలుసా?"

"ఎప్పుడు?"

"తోరా ఉన్నప్పుడు. వంటింట్లో."

బోర్గిల్డ్ అతని పళ్లెంలో ఇంకో ముక్క వేసింది.

"మాకు వినపడలేదయ్యా," అంది రాగ్నా మెల్లగా. "గురువారం పాటలకి రా. మాకు మగ గొంతులు మూడే. వాటిలో ఒకటి ఒట్టి దగ్గు."

కేకు సగమయ్యాక బోర్గిల్డ్ అతనికి కోటు తొడిగి బయటికి లాగింది. ఆకాశం అంచున నీలి వెలుగు, దాని కింద మంచు కూడా నీలంగానే ఉంది. ఆమె తన మంచుబండిలో, అంటే ఇనప పట్టాల మీద జారే కుర్చీలో కూర్చుని, "తొయ్యి," అంది. ఐలిఫ్ వెనక పట్టాల మీద నిలబడి కాలితో నేలని ఒక్క తన్ను తన్నాడు. వాలు వీధి గడ్డకట్టి అద్దంలా ఉందని అప్పుడు తెలిసింది. పోస్టాఫీసు దాటారు, చేపల రేవు దాటారు, నోరు తెరిచి చూస్తున్న పాస్టరుగారినీ దాటి మంచుగుట్టలో పీకల దాకా దిగబడ్డారు.

ఐలిఫ్ నవ్వడం మొదలెట్టాడు. కళ్లనీళ్లు రెప్పల మీదే గడ్డకట్టినా నవ్వు ఆగలేదు.

"అక్కా, ఇంకొక్కసారి! ఈసారి నువ్వు తొయ్యి."

"నాకు డెబ్బై ఆరేళ్లురా!"

అంటూనే లేచి, మంచు దులుపుకుని, వాలు పైకి ఒకసారి చూసింది. తలగుడ్డ బిగించి కట్టుకుంది.

"ఎక్కు," అంది.