చివరి తాడు

తెల్లవారకముందే తవిటయ్య మంచు తట్టలు అందిస్తున్నాడు. ఫ్యాక్టరీ బండి దింపిన మంచుపొడిని పారతో తట్టకెత్తి, జెట్టీ అంచున నిలబడి, బోటు మీదున్న కామరాజుకి అందించాలి. బరువంతా కుడికాలి మీదే. ఎడమ తొడ సన్నబడి కర్రలా ఉంది. మోకాలు మాత్రం బత్తాయికాయలా ఉబ్బి, దాని కింద కోత మచ్చ జెర్రిలా మెరుస్తోంది.

కామరాజు చెల్లెలే తవిటయ్య భార్య. రెండేళ్ల కిందట వల లాగే తాడు తెగి బావలిద్దరినీ ఒక్కసారే కూల్చింది. ఇద్దరికీ మోకాలి లోపల ఎముకల్ని కలిపి పట్టే నరం తెగింది. ఒకే ఆస్పత్రి, ఒకే డాక్టరు. ఎముకకి బెజ్జం పెట్టి, తొడ వెనక నుంచి తీసిన నరాన్ని అందులో దూర్చి బిగించారు.

కామరాజు పెళ్లాం పుష్ప జాలరిపేటలో చేపలమ్మింది గానీ డాక్టరు చెప్పినన్నాళ్లూ మొగుణ్ణి పనికి కదలనివ్వలేదు. వాడు చంకకర్రలు వదిలిన మర్నాడే తవిటయ్యా వదిలేశాడు. నీ కాలికింకా బలం రాలేదని డాక్టరు వద్దన్నా వినలేదు. బావ చేతులూపుకుంటూ నడుస్తుంటే తాను కర్రలతోనా? మంచు మొయ్యడానికి పోయాడు.

పోయిన వారం డాక్టరు ఎక్స్‌రే చూపించాడు. బెజ్జం చుట్టూ ఎముక కరిగి, బెజ్జం పెద్దదైపోయిందట. నరం అందులో వదులుగా ఆడుతోందట. ముందు ఎముకతో పూడ్చాలి, అది గట్టిపడ్డాక మళ్లీ కొయ్యాలి. పాత చెక్కలో మేకు వదులైనట్టే. పెళ్లానికి చెబితే వాళ్లన్నకి చేరిపోతుందని చెప్పలేదు. "మా కామరాజుకి ఎలాగుందండి?" అని మాత్రం అడిగాడు. గట్టిగా పట్టిందన్నాడు డాక్టరు. ఆ పూట తవిటయ్యకి అన్నం సహించలేదు.

"ఏటి బావా, కాలు ఈడుస్తన్నావ్?" పైనుంచి కామరాజు.

"సెప్పులు జారతన్నాయి."

"సెప్పులేవీ నీకు?"

బోటంతా నవ్వారు. తవిటయ్య తన ఒట్టి పాదాల వంక చూసుకున్నాడు.

వేట నిషేధం అయిపోయి బోట్లన్నీ ఇవాళే కదులుతున్నాయి. బోటు ముక్కుకి పసుపు రాశారు, కొబ్బరికాయ కొట్టారు. తొలి వేటనాడు చివరి తాడు విప్పినవాడు, బోటు కదిలాక పాదం తడవకుండా గెంతి ఎక్కాలి. దెబ్బ తగలకముందు పదేళ్లూ ఆ గెంతు తవిటయ్యదే. గెంతలేనివాడికి ఈ ఏడు వేటలో చోటు లేదు.

"తవిటయ్యా, తాడు!" బోటు నడిపే సరంగు రాము కేకేశాడు.

తవిటయ్య ఛాతీ పొంగింది.

"నానే సెప్పాను బావా, నీ సెయ్యి మంచిదని!" అన్నాడు కామరాజు.

పొంగిందంతా దిగిపోయింది. ఇదీ వీడి దయేనా!

తాడు విప్పి బోటు మీదికి విసిరాడు. ఇంజను ఊపందుకుంది. గట్టుకీ బోటుకీ మధ్య జానెడు నల్లటి నీళ్లు, తర్వాత బారెడు. అడుగు వేశాడు. మోకాలి లోపల ఏదో పక్కకి తప్పుకుంది.

"గెంతు బావా! నాను అట్టుకుంటాను!"

కామరాజు రెండుకాళ్లూ గట్టిగా తన్నిపెట్టి, వంగి, చెయ్యి చాపాడు. అందే దూరమే. ఆ చేతి మీద పడితే ఎక్కేసేవాడే. తవిటయ్య ఆ చేతిని చూశాడు, బెల్టు బిగించి వంగిన ఆ మోకాలిని చూశాడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

నీళ్లు వెడల్పయ్యాయి. కామరాజు మొహంలో నవ్వు ఆరిపోయింది. గబగబా తన మోకాలి బెల్టు ఊడదీసి గట్టు మీదికి విసిరాడు.

"ఎట్టుకో బావా! నాకింక అక్కర్నేదు!"

బోటు హార్బరు నోరు దాటింది. తవిటయ్య ఖాళీ తట్టలు ఒకదాన్లో ఒకటి పేర్చి, గోడ పట్టుకుని ఐస్ ఫ్యాక్టరీ వైపు కుంటుతూ వెళ్లాడు. సిమెంటు గట్టు మీద, కరుగుతున్న మంచులో, కామరాజు మోకాలి వంపు అలాగే నిలుపుకుని బెల్టు పడి ఉంది.