నలభై సెకన్ల రేపు

భిలాయి స్టీల్ ప్లాంటులో ఫస్ట్ షిఫ్టు దిగి ఇంటికొచ్చి, నాలుగు చెంబులు నీళ్లు పోసుకుని, అన్నం తిని కాసేపు నడుం వాల్చడం మనోజ్‌కుమార్‌కి పన్నెండేళ్లుగా అలవాటు. ఆ శనివారం మాత్రం తిన్న చెయ్యి ఆరకముందే చొక్కా జేబులో ఒక ఫ్లాపీ పెట్టుకుని, స్కూటర్ కిక్కు కొట్టి సుపేలా బజారుకి బయల్దేరాడు.

ఆ ఫ్లాపీలో అతని కూతురు అమ్ము ఉంది. సరిగ్గా చెప్పాలంటే, అమ్ము గొంతు ఉండాల్సిన చోటు ఉంది. పిల్లకి ఐదో ఏడు నడుస్తోంది. వింటుంది, నవ్వుతుంది, గ్లాసు తెమ్మంటే తెస్తుంది. మాట మాత్రం ఒక్కటీ రాలేదు. నాలుగు నెలల కిందట నాగపూర్‌లో ఒక డాక్టరుకి చూపిస్తే, ఇంట్లో రెండు భాషలు ఉండడం వల్ల పిల్ల తికమకపడుతోందనీ, ఇకనుంచి ఒక్క హిందీయే ఉంచమనీ ఆయన చెప్పాడు. మొన్న రెండోసారి వెళ్లినప్పుడు అమ్ముని మైకు ముందు కూర్చోబెట్టి ప్రశ్నలడిగి, ఆ నలభై సెకన్లూ ఫ్లాపీలోకి ఎక్కించి ఇచ్చాడు. దుర్గ్‌లో మాటలు నేర్పే టీచరమ్మ సోమవారం పాఠం మొదలుపెట్టే లోపు అది వినాలట. తీరా ఆవిడ కంప్యూటర్‌లో పెడితే ఫైలు తెరుచుకోనని మొరాయించింది.

హిందీ ఇల్లు కావడం మనోజ్‌కి పెద్ద కష్టం కాలేదు. ఇక్కడే సెక్టార్ ఆరులో పుట్టి పెరిగినవాడు, కలలు కూడా హిందీలోనే కంటాడు. పక్కనే ఉన్న జాముల్‌లో పెరిగిన అతని భార్య భాగ్యరేఖకీ ఇబ్బంది లేదు. వచ్చిన చిక్కల్లా మనోజ్ తల్లి కన్నమ్మతోనే. ఆవిడ పార్వతీపురం నుంచి వచ్చి ముప్ఫై రెండేళ్లయింది. ఈ ముప్ఫై రెండేళ్లలో ఆవిడ హిందీ నేర్చుకోలేదు గానీ, ఆవిడతో బేరాలాడీ ఆడీ కూరగాయలవాడు తెలుగు నేర్చుకున్నాడు. "అమ్మా, పాపతో నువ్వు మాట్లాడకు" అని మనోజే చెప్పాడు. "అలాగేరా" అందావిడ. అప్పట్నుంచీ మనవరాలికి తల దువ్వినా, అన్నం తినిపించినా మూతి బిగించుకునే ఉంది. పిల్ల ఏదైనా చూపిస్తే, బదులివ్వొచ్చా అన్నట్టు ఒకసారి కొడుకు మొహంలోకి చూసేది, మళ్లీ తల దించుకునేది. అయినా ఎప్పుడో ఒకప్పుడు "నా తల్లే" అని జారిపోయేది. అలా జారినప్పుడల్లా భాగ్యరేఖ కంగారుపడేది. పిల్లకి మాటలొచ్చేదాకా ఆవిణ్ణి పార్వతీపురంలో ఆవిడ తమ్ముడి దగ్గర ఉంచుదామని చివరికి మొగుడూ పెళ్లాలు తేల్చుకున్నారు. ఆ మర్నాటి ఆదివారానికి దుర్గ్‌లో విశాఖ బండికి టికెట్టు తీశారు. కన్నమ్మ కాదనలేదు. మూడు రోజుల ముందే సంచీ సర్దుకుంది.

సుపేలాలో మిఠాయి దుకాణం మేడ మీద ఇందుమతి నడిపే కంప్యూటర్ సెంటర్. రెండు మెషీన్లు, ఒక ప్రింటరు, బయోడేటాలు, శుభలేఖలు. ఆమె ఫ్లాపీ పెట్టి చూసి పెదవి విరిచింది.

"ఇది మ్యాకింతోష్ ఫైలు, భయ్యా. మనది పీసీ. ఒకే ఇంటి అడ్రసుని వాళ్లు సెక్టారు, స్ట్రీటు, క్వార్టరు అని రాస్తే, మనం క్వార్టరు, స్ట్రీటు, సెక్టారు అని చదువుతాం. పోస్ట్‌మ్యాన్ ఎక్కడికెళ్తాడు చెప్పు? తిరగేసే ప్రోగ్రాము ఉంది నా దగ్గర. కానీ రెండో మెషీన్‌లోనే నడుస్తుంది. మొదటిదానికి సౌండు కార్డు లేదు."

ఆ రెండో మెషీన్ సంగతి సుపేలా అంతటికీ తెలిసిందే. వేరే రకం కంప్యూటర్‌లో పట్టిన గొంతును దానిలో వేస్తే, ఆ మనిషి పాత మాట వినిపించదు, రేపు మాట్లాడబోయేది వినిపిస్తుంది. ఇందులో దాని తప్పేం లేదని అందరూ సరిపెట్టుకున్నారు. భిలాయి మెషీను కదా. హిందీలో నిన్నకీ 'కల్' అనే మాటే, రేపటికీ 'కల్' అనే మాటే. ఇక్కడ పుట్టిన తెలుగు పిల్లలే ఈ రెండూ కలిపేసి "రేపు జ్వరం వచ్చింది" అంటుంటే మెషీన్‌ని అని ఏం లాభం? రెండో తరగతిలో మనోజ్ "రేపు మాస్టారు కొట్టారు" అని ఏడుస్తూ వస్తే, కన్నమ్మ బడికెళ్లి "ఏటి మాస్టారూ, రేపు మా వోణ్ని కొడతారంట?" అని నిలదీసింది కూడా.

మెషీన్ వల్ల ఎవరికీ పెద్ద ఉపయోగం లేదు, చికాకే తప్ప. తెలుగు సంఘం కార్యదర్శి భుజంగరావు తన ఉగాది ఉపన్యాసం వినాలని వస్తే, మర్నాడు ఆయన పాలవాడితో పెట్టుకోబోయే తగువు వినిపించింది. ఆయన మండిపడి వెళ్లిపోయాడు.

"ముందే చెప్తున్నా, భయ్యా. దీనికి నిన్న రాదు" అంది ఇందుమతి.

"పర్లేదు దీదీ. మా పాప నిన్నా మాట్లాడలేదు, రేపూ మాట్లాడదు. టీచరమ్మకి నిన్నటి చుప్పీ అయితే ఏంటి, రేపటి మౌనం అయితే ఏంటి?" అన్నాడు మనోజ్.

ఇందుమతి బటన్ నొక్కింది. ముందు గరగరమని ఏదో రాపిడి. తర్వాత రైల్వే స్టేషన్ లౌడ్‌స్పీకర్లో ఆడగొంతు, "యాత్రీగణ్ కృపయా ధ్యాన్ దేఁ" అంటూ. ఎవరో దగ్గారు. ఛాయ్ ఛాయ్ అన్న కేక దగ్గరగా వచ్చి దూరమైంది. ఇంజను కూత పెట్టింది. ఆ వెంటనే ఒక కొత్త గొంతు, బొంగురుగా, చీరుకుపోతూ లేచింది.

"మామ్మా! నన్నొగ్గీకు మామ్మా! ఎల్లిపోకు! మామ్మా!"

చక్రాల చప్పుడు జోరైంది. గొంతు అరిచి అరిచి ఊపిరందక ఎగిసెగిసి, మధ్యలో తెగిపోయింది. నలభై సెకన్లు అయిపోయాయి.

మనోజ్‌కి కుర్చీ ఎక్కడుందో కనిపించలేదు. గోడ పట్టుకున్నాడు. కన్న కూతురి గొంతు ఎలా ఉంటుందో ఆ మేడ మీద మొదటిసారి విన్నాడు.

"వేరే ఫ్లాపీలోకి కాపీ చెయ్యనా?" అని అడిగింది ఇందుమతి.

"తెలుగు" అన్నాడు మనోజ్. "తెలుగులో అరుస్తోంది, దీదీ."

"అవును. మీ అమ్మగారి తెలుగు."

ఇంటికెళ్లి, అమ్ము పక్కింట్లో ఆడుకుంటుండగా, విన్నది విన్నట్టు చెప్పాడు. భాగ్యరేఖ చేతిలోని చపాతీ పిండి అలాగే ఉండిపోయింది. ఒక్కసారిగా ఏడుస్తూ నవ్వింది.

"రేపే? అయితే బండి తప్పకూడదండీ. ఏడిస్తే ఏమైంది, ఏడవని పిల్లలుంటారా? నోరు విప్పుతుంది, అది చాలు. ఆ తర్వాత అత్తయ్యని వెంటనే రప్పిద్దాం."

"నువ్వు వినలేదు, రేఖా. అది మామూలు ఏడుపు కాదు."

గుమ్మంలో కూర్చున్న కన్నమ్మ అంతా విని కొడుకు వైపు తిరిగింది. "ఒరే, నానెల్తేనే పిల్ల మాటాడతాదంటావా?"

"అలాగే వినపడిందమ్మా."

"మరింకేటి? ఎల్తాను. బండి మాత్రం తప్పించీకండి."

ఇద్దరాడవాళ్లూ ఒక్క మాట మీద ఉంటే మనోజ్ ఏం చెయ్యగలడు? పైగా అతనికీ ఆశే. ఆ ఆశకి సిగ్గుపడుతూనే మర్నాడు ఆటో పిలిచాడు.

దుర్గ్ స్టేషన్లో అన్నీ వరస తప్పకుండా వచ్చాయి. సంచీ సీటు కింద పెట్టి, తల్లిని కిటికీ దగ్గర కూర్చోబెట్టి అతను దిగేసరికి ఎక్కడో గరగరమని తోపుడుబండి ఈడ్చారు. లౌడ్‌స్పీకర్లో అదే ఆడగొంతు. ఒక ముసలాయన దగ్గాడు. ఛాయ్ వాడు వచ్చాడు, వెళ్లాడు. భాగ్యరేఖ ఊపిరి బిగబట్టి పిల్లనే చూస్తోంది. ఇక కూతే మిగిలింది.

ఇంజను కూసింది. మనోజ్ వేలు పట్టుకున్న చిన్న చెయ్యి బిగుసుకుంది. అతను వంగి చూశాడు. ఫైలులో గొంతు ఉంది గానీ మొహం లేదు. ఇప్పుడు మొహం కనబడింది. కళ్లు పెద్దవై, పెదాలు వణుకుతూ, నోరు తెరుచుకుంటోంది. పిల్ల అంత భయపడి ఉండగా అతను ఎన్నడూ చూడలేదు. ఈ భయం పెట్టి ఆ మాటను లాక్కోవడం అతని వల్ల కాలేదు.

"అమ్మా, దిగు!" అని అరిచి, పిల్ల చెయ్యి భాగ్యరేఖకిచ్చి పెట్టెలోకి ఎక్కాడు. కన్నమ్మ "పిల్ల మాటాడాలిరా, ఒగ్గు" అంటూ సీటు పట్టుకుంది. అతను ఆ చేతులు విడదీసి, చిన్నపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తి, కదులుతున్న బండిలోంచి ప్లాట్‌ఫారమ్ మీదికి దిగాడు. సంచీ బండితోపాటే వెళ్లిపోయింది.

కేక రాలేదు. అమ్ము నోరు మెల్లగా మూసుకుంది. ఆఖరి పెట్టె కూడా దాటిపోయింది.

"ఏం పని చేశారండీ!" భాగ్యరేఖ అతని భుజం మీద రెండు చేతులతోనూ కొట్టింది. "నోటిదాకా వచ్చిన మాట! ఇంక ఎప్పుడొస్తుంది? చెప్పండి, ఎప్పుడొస్తుంది?"

ఆ నలభై సెకన్లూ వచ్చి వెళ్లిపోయాయి. బిడ్డకి రాసి ఉన్న ఒక్క రోజునీ చేజేతులా చెడగొట్టానని అనుకున్నాడు మనోజ్.

అమ్ము అమ్మ పక్కనుంచి కదిలి, మామ్మ దగ్గరికి నడిచి, చీర కుచ్చెళ్లు పట్టి లాగింది.

"మామ్మా, ఇంటికెల్దుమా?"

భాగ్యరేఖ ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగింది. మనోజ్ తను విన్నది నిజమో కాదో తెలియక నిలబడిపోయాడు. పక్కనుంచి కూలీ "హటో భాయ్, హటో" అంటున్నా కదల్లేదు.

కన్నమ్మ మూతి బిగించుకుని, కళ్లనిండా నీళ్లతో, నాలుగు నెలలుగా చూస్తున్నట్టే కొడుకు మొహంలోకి చూసింది.

"ఎల్దుమేటి, మామ్మా?" ఈసారి పిల్ల గట్టిగా అడిగింది.

మనోజ్ నోరు తెరిచాడు. హిందీ రాలేదు. చదువుకున్న తెలుగూ రాలేదు.

"సెప్పమ్మా" అన్నాడు. "అడుగుతంది కదా. దానికి సెప్పు."