వరసలో ఇత్తడి బిందె

ఇవాళ కూడా నీళ్ళు మణెమ్మ దాకా రాకుండానే ఆగిపోయాయి. ముందు పదకొండు ప్లాస్టిక్ బిందెలు, పన్నెండోది మణెమ్మ ఇత్తడి బిందె. కుళాయి రెండుసార్లు గుర్రుమని గాలి వదిలి ఊరుకుంది. ఇంకేం చేస్తారు, ఎవరి బిందె వాళ్ళు వరసలోనే వదిలేసి పనుల్లోకి పోవడం ఆ పేటలో మామూలే. సాయంత్రం నీళ్ళొచ్చేదాకా ఆ వరస అలాగే ఉంటుంది, ఎవరూ జరపరు. మణెమ్మ కూడా వదిలేసింది. వదిలేముందు మాత్రం, ముప్ఫై నాలుగేళ్ళుగా చేస్తున్నట్టే, బిందెను సగం చుట్టు తిప్పి, అక్షరాలు కొట్టించిన వైపు గోడకేసి పెట్టింది.

"దాన్ని అమ్మేసి నాలుగు ప్లాస్టిక్కువి కొనుక్కోరాదా మణెమ్మగారూ, మీ నడుం పడిపోతోంది" అంది పక్కింటి వీరరాఘవమ్మ. రోజూ అనే మాటే.

"మోసేదాన్ని నేను కదండీ" అంది మణెమ్మ. అదీ రోజూ అనే మాటే.

పొట్టి మనిషి. యాభై రెండేళ్ళకి జుట్టు పలచబడి, ముడి నిమ్మకాయంతైంది. బిందె మోసీ మోసీ ఎడం వైపు కాస్త ఒరిగి నడుస్తుంది. అన్నం తినేటప్పుడు చూడాలి మణెమ్మని. ఎడం చెయ్యి కంచానికి అడ్డం పెట్టుకుని, తల ఎత్తకుండా, నాలుగు నిమిషాల్లో ముగించి కంచం తుడిచినట్టు చేస్తుంది. పెళ్ళైన కొత్తల్లో ఎక్కడైనా గంట మోగితే చాలు, చేతిలో ముద్ద వదిలేసి లేచి నిలబడేది. రైసు మిల్లులో మూటలు మోసే మొగుడు ప్రసాదరావు పగలబడి నవ్వేవాడు. "గుడి గంటే, మనది కాదు, కూర్చో" అనేవాడు. ఆయన పోయి కూడా ఎనిమిదేళ్ళైంది. లేచి నిలబడడం మానేసింది గానీ, గంట వింటే మోకాళ్ళు ఇప్పటికీ ఒకసారి కదులుతాయి. హోములో పెరిగిన మనిషి మరి.

తాడేపల్లిగూడెం మార్కెట్ యార్డులో ఉల్లిపాయలు ఏరే పని మణెమ్మది. శ్రీరాములు గారి కొట్టు ముందు రేకుల షెడ్డులో ఏడుగురు ఆడవాళ్ళు పీట్లేసుకుని కూర్చుంటారు. గోనె విప్పి గుమ్మరిస్తే కుళ్ళింది ఒక పక్కకి, మొలకెత్తింది ఒక పక్కకి, గోళీకాయంతవి ఇంకో పక్కకి. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే తలకాయ ఖాళీ. ఆ ఖాళీలోకి ఎవరు పిలిచారని వస్తాయో, హోము రోజులే వస్తాయి.

అప్పుడు మణెమ్మకి ఆరేళ్ళు. పెదపాడు దగ్గర ఊళ్ళో తండ్రి జ్వరమొచ్చి మూడు రోజుల్లో పోయాడు. తల్లి పాపమ్మకి ఇరవై నాలుగేళ్ళు, చేతిలో పిల్ల తప్ప ఏమీ లేదు. ఏలూరులో దొరసానమ్మల హోముందనీ, పిల్లలకి మూడు పూటలా పెట్టి చదువు చెబుతారనీ ఎవరో చెప్పారు. అయితే తల్లీ తండ్రీ ఇద్దరూ లేని పిల్లల్నే తీసుకుంటారట. పాపమ్మ రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజు తెల్లవారుతూనే పిల్లకి తలంటి, కొంగు చివర ఆరు జీళ్ళు ముడేసుకుని, కాలవ గట్టున బయల్దేరదీసింది.

కల్వర్టు వచ్చినప్పుడల్లా ఆగేది. "నన్నేమని పిలుస్తావు?" అని అడిగేది. పిల్ల "అమ్మా" అంటే తొడపాశం. "పిన్నీ" అంటే కొంగుముడి విప్పి ఒక జీడి. మొదటి రెండు కల్వర్టుల దగ్గరా తొడ కందిపోయింది. మూడో కల్వర్టు నుంచి అన్నీ జీళ్ళే. ఏలూరు చేరేసరికి మణెమ్మ నోరంతా బెల్లం పాకం. హోము ఆఫీసులో దొరసానమ్మ నవ్వుతూ, ఈవిడెవరని అడిగితే, పిల్ల ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "పిన్ని" అంది. అక్క పురిట్లోనే పోయిందని పాపమ్మ ఏడుస్తూ చెప్పింది. ఆ ఏడుపు మాత్రం నిజం ఏడుపే.

రోజూ పడుకోబోయే ముందు నలభై మంది ఆడపిల్లలు మోకరించి, తల్లీ తండ్రీ లేని మాకు నువ్వే తల్లివీ తండ్రివీ అని ప్రార్థన చెప్పాలి. రోజూ ఇలా చెబితే దేవుడు నిజమనుకుని అమ్మని తీసుకుపోతాడేమోనని మణెమ్మకి భయం. అందుకని అందరూ ఆమేన్ అన్నాక, దుప్పటి ముసుగులో తను ఇంకో ముక్క కలిపేది, "మా అమ్మ ఉంది ప్రభువా, పొరపాటున తీసుకోకు" అని. పన్నెండేళ్ళు అలా రెండు ప్రార్థనలు చేసింది ఆ పిల్ల, ఒకటి పైకి, ఒకటి లోపల.

ఒకసారి జ్వరం ముదిరి రాత్రంతా అమ్మా అమ్మా అని కలవరించిందట. తెలివొచ్చాక, పట్టుబడిపోయాననుకుని మేట్రన్ హన్నమ్మగారి మొహంకేసి చూసింది. ఆవిడ గంజి పడుతూ "జ్వరమొస్తే తల్లి లేని పిల్లలు కూడా అలాగే పిలుస్తారే" అంది. ఆవిడ మంచి మనిషే. మంచి మనిషి కాబట్టే ఆ మాట ఇన్నేళ్ళు గుచ్చుకుంటూనే ఉంది.

పాపమ్మ రెండో శనివారం రెండో శనివారం వచ్చేది. వరండా బల్ల మీద కూర్చుని, హన్నమ్మగారు పక్కనే బియ్యంలో రాళ్ళేరుకుంటూ వింటూండగా, "బాగా చదువుతున్నావా అమ్మాయ్" అని పరాయి పిల్లని అడిగినట్టు అడిగేది. మణెమ్మకి పదేళ్ళప్పుడు ఏడాదిన్నర పాటు రాలేదు. తర్వాత వచ్చినప్పుడు చంకలో పిల్లాడున్నాడు. కొల్లేరు లంకలో చేపలు పట్టే ఆయన్ని అప్పటికి రెండేళ్ళ కిందటే మనువాడిందనీ, ఆయనకి కూడా తను పిల్లలు లేనిదాన్నని చెప్పిందనీ, మణెమ్మ అక్క కూతురనే చెప్పిందనీ ఆ రోజే తెలిసింది. ఆకులో చుట్టి వేయించిన మట్టగిడసలు తెచ్చింది. "తమ్ముడే, ఎత్తుకో" అంది. మణెమ్మ ఎత్తుకుంది. వాడికి అప్పుడే మాటలొస్తున్నాయి. ఏం చూసినా అమ్మ, ఏం కావాలన్నా అమ్మ. అందరి ముందూ, హన్నమ్మగారి ముందూ, ఎంత ధైర్యంగానో అంటున్నాడు. మణెమ్మ వాడి తొడ మీద గట్టిగా పాశం పెట్టింది. వాడు అమ్మా అని గుక్కపట్టాడు. పాపమ్మ లాక్కుని గుండెకి హత్తుకుంది. ఆ రోజు మట్టగిడసలు మణెమ్మ తినలేదు.

పద్దెనిమిదో ఏట హోము వాళ్ళే ప్రసాదరావుతో పెళ్ళి చేశారు. పాపమ్మ కొత్త దంపతుల్ని ఏలూరు గిన్నెల కొట్టుకి తీసుకెళ్ళి ఇత్తడి బిందె కొనిపెట్టింది. అక్షరాలు కొట్టే ఆయన ఉలి పట్టుకుని, ఏమని కొట్టమంటారమ్మా అన్నాడు. పాపమ్మ కాసేపు బిందెకేసి చూసింది. కూతురి మొహంకేసి చూడలేదు. "చి.సౌ. మణెమ్మకు పిన్ని పాపమ్మ దీవెనలతో" అని చెప్పింది. టకటకా చుక్కలు చుక్కలుగా కొట్టేశాడాయన. ముప్ఫై నాలుగేళ్ళు చింతపండేసి రుద్దుతూనే ఉంది మణెమ్మ. అంచు అరిగింది, అడుగు అరిగింది. అక్షరాలు మాత్రం అరగలేదు.

పదిన్నరకి శ్రీరాములు గారే కొట్టులోంచి బయటికొచ్చారు. "మణెమ్మా, నీకేనమ్మా ఫోను. ఏలూరు నుంచట."

తమ్ముడు ఆనంద్ పాల్. అమ్మకి ఆయాసం ఎక్కువైందనీ, ఏలూరు పెద్దాసుపత్రిలో చేర్చామనీ, నిన్నే కలవరిస్తోందనీ చెప్పాడు. ఫోను పెట్టేసి వచ్చి మణెమ్మ చేతులు కడుక్కుంది. పక్క పీట మీది వెంకటనరసమ్మకి నోరు ఊరుకోదు.

"పిన్నికి బాగోకపోతే ఇంత కంగారేంటే, కన్నతల్లైనట్టు."

"పెంచిందిలే."

"నిన్ను పెంచింది హోము కదే?"

మణెమ్మ చెంగుతో మొహం తుడుచుకుంది. ఉల్లిపాయల దగ్గర కూర్చున్న మనిషి కళ్ళు తుడుచుకుంటే ఎవరడుగుతారు.

ఏలూరు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఆరేళ్ళ కిందట లంకలో పాపమ్మ మొగుడు పోయినప్పుడు మణెమ్మ మూడు రోజులుండి, వచ్చేముందు పాపమ్మని వంటింట్లోకి పిలిచి అడిగింది, ఇప్పుడైనా చెప్పవే, భయపడాల్సిన మనిషి పోయాడు కదా అని. ముందెన్నడూ అంత మాట అడగలేదు. పాపమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ, "ఇప్పుడేం కొత్తగా? అందరికీ అలవాటైపోయిందిగా" అంది. అవును, అందరికీ అలవాటే. మణెమ్మ కూతురికి ఆవిడ చిన్నమ్మమ్మ. ఆనంద్ పాల్‌కి మణెమ్మ పెద్దమ్మ కూతురు. కట్టుకున్న మొగుడికి కూడా నిజం చెప్పలేదు మణెమ్మ. చెప్పాల్సింది తను కాదనీ, ఆవిడ నోటితో ఆవిడే చెప్పాలనీ పట్టుదల.

ఇవాళ ఆ పట్టుదల వదిలేద్దామనుకుంది. ఆవిడ చెప్పక్కర్లేదు. తనే పిలుస్తుంది. తమ్ముడి ముందు, నర్సు ముందు, వార్డులో అందరి ముందు అమ్మా అని ఒక్కసారి పిలుస్తుంది. ఉంగుటూరు, భీమడోలు దాటి ఏలూరు వచ్చేదాకా పెదాల్లోనే ఆ మాట తిప్పుకుంటూ కూర్చుంది, నోరు తిరగని పాఠంలా.

ఆడవాళ్ళ వార్డులో చివరి మంచం. పాపమ్మ ఎంత చిక్కిపోయిందంటే దుప్పటి కింద మనిషి ఉందా అనిపించింది. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు గవర్నమెంటు వాళ్ళు పగలగొట్టిన దగ్గర్నుంచి లంకలో పనుల్లేవనీ, తిండి తినమంటే నాకెందుకురా అనేదనీ, ఆనంద్ పాల్ చెప్పుకొచ్చాడు. అతని భార్య స్టెల్లా స్టూలు ఖాళీ చేసి, "కూర్చోండి వదినా" అంది. ఇంతలో నర్సు అట్ట పట్టుకుని వచ్చింది. ఒక్కరే ఉండాలండీ ఇక్కడ అని విసుక్కుని, మణెమ్మని చూసి అడిగింది.

"మీరేమవుతారండీ పేషెంటుకి?"

మణెమ్మ నోరు తెరిచింది. అప్పుడే పాపమ్మ కళ్ళు కూడా తెరుచుకున్నాయి. కల్వర్టు దగ్గర ఆగినప్పటి చూపే అది. నలభై ఆరేళ్ళైనా తొడ చురుక్కుమంది మణెమ్మకి. ఆ ఒక్క క్షణం చాలింది.

"మా పెద్దమ్మ కూతురండీ" అన్నాడు ఆనంద్ పాల్.

నర్సు వెళ్ళిపోయింది. మందులు తేవాలని తమ్ముడూ, కాఫీ తాగొస్తానని అతని వెంట స్టెల్లా కిందికి దిగారు. మధ్యాహ్నం, వార్డంతా కునుకుతోంది. పాపమ్మ పెదాలు కదిలాయి. మణెమ్మ వంగింది.

"ఎన్నో కల్వర్టే ఇది?"

మణెమ్మకి అర్థమైంది. కాలవ గట్టు మీదే ఉంది ఆవిడ. "ఆఖరిదే" అంది.

"అయితే చెప్పు. నన్నేమని పిలుస్తావు?"

చుట్టూ ఎవరూ లేరు. అందరి ముందూ పిలుద్దామనుకున్న మాట, పోనీ ఆవిడ ఒక్కదాని ముందైనా. మణెమ్మ ఆవిడ చెవి దగ్గరికి నోరు పెట్టి "అమ్మా" అంది.

దుప్పటి కింద నుంచి చెయ్యొకటి వెతుక్కుంటూ వచ్చింది. మణెమ్మ ముంజేతిని పట్టుకుని, రెండు వేళ్ళతో చర్మం మెలితిప్పింది. బలం లేదు, నొప్పి లేదు.

"చెప్పానా లేదా? అలా అంటే రానివ్వరు నిన్ను. అన్నం పెట్టరు. మళ్ళీ చెప్పు."

ఆవిడ కళ్ళల్లో భయం ఎక్కువౌతూంటే మణెమ్మ చూడలేకపోయింది.

"పిన్నీ."

"ఇంకోసారి."

"పిన్నీ."

"మా తల్లే" అంది పాపమ్మ. ఊపిరి తేలికపడింది. కుడిచెయ్యి కొంగు చివర ముడి కోసం తడుముకుంది. ముడి దొరికింది గానీ విప్పే ఓపిక లేదు. వేళ్ళు దాని మీదే ఆగిపోయాయి. ఆనంద్ పాల్ మందులు పట్టుకుని పైకొచ్చేసరికి కూడా అక్కడే ఉన్నాయి.

తర్వాత జరగాల్సినవి జరిగాయి. అమ్మా అని ఆనంద్ పాల్ మంచం మీద పడి ఏడ్చాడు. స్టెల్లా ఏడ్చింది. మణెమ్మ కాళ్ళ వైపు నిలబడి దుప్పటి సర్దింది. దగ్గరివాళ్ళు సంతకం పెట్టాలంటే తమ్ముడు పెట్టాడు. ఎవరూ చూడకుండా మణెమ్మ ఆ కొంగుముడి విప్పి చూసింది. ఏమీ లేదు.

లంకకి తీసుకెళ్ళడానికి చిన్న వ్యాను మాట్లాడారు. ఆనంద్ పాల్, స్టెల్లా, కబురంది వచ్చిన స్టెల్లా అన్నదమ్ములిద్దరూ ఎక్కేసరికి నిండిపోయింది.

"రేపు మొదటి బస్సుకి వచ్చేయక్కా. పదకొండింటికి సమాధి. నువ్వు లేందే మొదలెట్టంలే" అన్నాడు తమ్ముడు. మంచివాడే వాడు. కన్నతల్లైతే ఆ వ్యానులోంచి ఎవర్నో ఒకర్ని దింపి చోటిచ్చేవాడు. పెద్దమ్మ కూతురికి పొద్దున్న బస్సు సరిపోతుంది.

వ్యాను మలుపు తిరిగాక మణెమ్మకి తట్టింది. ఇవాళ్టిదాకా ఆ సంగతి ఇద్దరికి తెలుసు. ఇప్పుడిక ఒక్కదానికే తెలుసు. రేపు సమాధి దగ్గర గుండెలు బాదుకుని చెప్పినా, అవునమ్మా అనడానికి మనిషి లేదు. పాపం, దుఃఖంలో ఏదో అంటోందనుకుంటారు. లేని పిల్లలు కూడా అలాగే పిలుస్తారనుకుంటారు.

గూడెంలో దిగేసరికి పొద్దు వాలింది. కుళాయి వచ్చి వెళ్ళిపోయినట్టుంది, వీధంతా తడి. వరసలో ఒక్క బిందె కూడా లేదు. మణెమ్మ ఆలస్యమైందని వీరరాఘవమ్మే బిందె నింపి, మోసుకొచ్చి, గుమ్మం పక్కన అరుగు మీద పెట్టింది. అది ఏ వైపు తిప్పి పెట్టాలో ఆవిడకేం తెలుసు. నిండు బిందె, మూతి దాకా నీళ్ళు, ఒళ్ళంతా తడి. అక్షరాలున్న వైపు వీధిలోకి తిరిగి ఉంది.