అక్క వేలు, నాలుగు బజర్లు

అమ్మ పోయినప్పుడు నేను నీళ్ళకు వెళ్ళాను. మా ఆయన పోయినప్పుడు మందుల షాపు ముందు వరుసలో నిలబడి ఉన్నాను. అందుకే అక్క మంచాన పడ్డాక, ఆమె కూతురు బిగించిన ఒక్క బజర్ నాకు చాలలేదు.

అక్కకు గొంతు పోయి గుసగుసే మిగిలింది, చేతుల్లో సత్తువ లేదు. మంచం పట్టీకి ఒక రేకు ముక్క బిగించి ఉంది. దానికి వేలు తాకితే చాలు, వంటింట్లో మోగుతుంది. సర్క్యూట్ బోర్డులు బాగుచేసే ఉద్యోగం కూతురిది, తనే చేసింది. ఆమె లేని పూట నేను వీధి చివరి ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, అదే తీగకు మరో మూడు బజర్లు కలిపించాను. నా మంచం దగ్గర, స్నానాలగదిలో, వరండాలో.

మర్నాడు అక్క గంటసేపు రేకు మీద వేలు పెట్టుకునే పడుకుంది. ఒక్కటీ మోగలేదు. నేను వరండాలో పుస్తకం చదువుకుంటున్నాను. వెళ్ళి చూసేసరికి పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

సాయంత్రం కూతురు వచ్చి, రేకు తీగ కలిసే చిన్న పెట్టె మూత విప్పింది.

“ఎవరు పెట్టారు పిన్నీ ఈ బజర్ల సంత?”

“నేనేనే. భయమేసింది.”

“ఈ రేకు సెన్సర్ ఎంతని మోస్తుంది చెప్పు? దీని దగ్గరున్నది ఒక్క బజర్‌కి సరిపోయే కరెంటు. నాలుగూ లాగేసరికి వోల్టేజ్ కుంగిపోయింది. వేలు తాకితే ‘ఒకటి’, తీస్తే ‘సున్నా’. అమ్మ ‘ఒకటి’ అంటూనే ఉంది. ఇక్కడ అది ఒకటీ కాలేదు, సున్నా కూడా కాలేదు.”

సంచిలోంచి పద్నాలుగు కాళ్ళ నల్లటి చిప్ తీసింది.

“బఫర్. ఇందులో నాలుగు గేట్లు, బజర్‌కొకటి. లోపలికి ఒకటి వస్తే బయటికి ఒకటి. సున్నా వస్తే సున్నా.”

“చెప్పిందే చెప్పడానికి ఇంత హంగామానా? చిలక నయం.”

“చిలకే అనుకో. వినడానికి దీనికి దాదాపు ఏమీ అక్కర్లేదు, అవతలివాళ్ళ ఊపిరి లాక్కోదు. అరిచే బలం నేరుగా కరెంటు సప్లై నుంచి తెచ్చుకుంటుంది. బలం దీనిది, మాట అమ్మది.”

టంకం పొగ పోయాక అక్క రేకు తాకింది. నాలుగు చోట్లా ఒక్కసారే మోగింది. కూతురు నవ్వింది, నేను ఏడ్చాను.

అక్క గుసగుస అర్థమయ్యేది ఇంట్లో నాకొక్కదానికే. నోటికి చెవి ఆనించి విని, మిగతావాళ్ళకు చెప్పేదాన్ని. చెప్పేటప్పుడు కాస్త మార్చేదాన్ని. నొప్పి ఓర్చుకోలేనంటే “కొంచెం సలుపుతోందట” అనేదాన్ని. అన్నం వద్దంటే “తర్వాత తింటుందట”.

రెండు వారాలకు, గొంతులో గొట్టం వేస్తే ఇంకొన్ని నెలలు ఉంటుందన్నాడు డాక్టర్. ఆసుపత్రికి వెళ్ళాల్సిన రోజు పొద్దున్నే నాలుగు బజర్లూ మోగాయి. వెళ్ళి వంగాను.

“గొట్టం వద్దు. ఇక్కడే ఉంటాను. అమ్మాయికి చెప్పు.”

“చెప్తాలే.”

“మార్చి చెప్తావు నువ్వు. నాకు తెలీదనుకోకు.”

కూతురు సర్దిన బ్యాగ్‌తో గుమ్మంలోకి వచ్చింది. “ఏమంటోంది పిన్నీ? సరేనందా?”

ఊ అంటే చాలు, ఇంకొన్ని నెలలు నాకు అక్క ఉంటుంది. అక్క నా మొహంకేసే చూస్తోంది. వేలు రేకు మీదే ఉంది. ఇల్లంతా మోగుతూనే ఉంది.

“గొట్టం వద్దంది,” అన్నాను. ఆ మోతలో వినపడేలా గట్టిగానే అన్నాను. “ఇక్కడే ఉంటానంది.”

“నువ్వేం కలపలేదుగా?”

“ఈసారి లేదే.”

కూతురు బ్యాగ్ కింద పెట్టింది. అక్క వేలు తీసేసింది.