పేరు పెట్టనివాళ్ళ సరాసరి

పాతికేళ్ళు దాటాక పలక పట్టిన ఆడదాన్ని చూసి నవ్వని వీధి ఉంటుందా? "రాజ్యం పంతులమ్మ వస్తాంది, లేచి నిలబడండే" అని మా వీధి ఆడవాళ్ళు ఎకసెక్కాలాడేవాళ్ళు. ఆడుకోనీ. మొగుడు పోయాక, చిల్లరంగడి వెనకగదిలో కూర్చుని చింతపండు గింజలు తీస్తూ ముసలిదాన్ని కావడం కన్నా నవ్వులపాలవడమే మేలనుకున్నాను. కమలాపురం నుంచి మా అన్న నాగసుబ్బయ్య వచ్చి, మా అత్త సుబ్బరత్నమ్మతో నోరు నొప్పెట్టేదాకా వాదించి, కడపలోనే ఆడవాళ్ళ ట్రైనింగు స్కూల్లో నన్ను చేర్పించాడు. యుద్ధం మొదలైన ఏడు అది.

లెక్కలు ఏసేపు మాస్టరు చెప్పేవారు. ఆ వారం సరాసరి పాఠం. అంతా కూడు, ఎందరున్నారో అందరికీ పంచు. ఓస్, ఇంతేనా, అంగడివాళ్ళ కోడలికి ఇది ఒకరు చెప్పాలా అనుకున్నాను. శుక్రవారం ఇంటిలెక్క ఇచ్చారు. మా ఇంట్లోనూ, ఇరుగుపొరుగు ఇళ్ళలోనూ ముప్పై ఏళ్ళుగా పోయినవాళ్ళ వయసులు అడిగి, ఒక్కో ఇంటికి సరాసరి కట్టుకు రావాలి.

పొద్దున్నే గడపలో నిలబడి "మీ ఇంట్లో ఎవరెవరు చచ్చారు" అని అడిగితే చీపురు తిరగేస్తారని భయపడ్డాను. అదేం లేదు, పోటీలు పడి చెప్పారు. మా మామ ఎనభై అని ఒకరంటే, మా అవ్వ తొంభై అని ఇంకొకరు. సోమవారం స్కూల్లో అందరి సరాసరులూ యాభై, అరవై. మా ఇంటిది నలభై ఐదు. మా మామ అరవై రెండేళ్ళకు పోయాడు, మా ఆయన ఇరవై ఎనిమిదికే పోయారు.

మాస్టరు పలకలన్నీ చూసి చాక్‌పీసు కింద పెట్టారు.

"కడపలో మనుషులు ఇంతింత కాలం బతుకుతారని నాకు తెలీదమ్మా. ఏం, ఈ ఊర్లో పసిబిడ్డలెవరూ పోలేదా?"

మా వైపు పేరు పెట్టకముందే పోయిన బిడ్డను పోయినవాళ్ళలో కలపరు. తద్దినం లేదు, తలుచుకోవడం లేదు. పిల్లలెందరమ్మా అని అడిగితే, కళ్ళముందున్నవాళ్ళనే చెబుతారు. మేమూ అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.

"ఏడాది నిండనివాళ్ళకు సున్న వేయండి. కానీ వదిలిపెట్టకండి. మళ్ళీ పోయి అడగండి" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. సున్న ఏమిటి, సున్న! నా కూతురు తొమ్మిది రోజులు నా పాలు తాగింది. నా వేలు పట్టుకుని నిద్రపోయింది. అది పోయిన పొద్దు నుంచి మా అత్త దాని ఊసెత్తలేదు, నన్నూ ఎత్తనివ్వలేదు. రాతిగుండె మనిషి అని ఇన్నేళ్ళూ ఆమెను లోపల్లోపల తిట్టుకుంటూనే ఉన్నాను. సున్నగానైనా ఇప్పుడు నా బిడ్డ లెక్కలోకి రావాలి, అదీ మా అత్త నోటితో చెబితేనే రాస్తాను అని పంతం పట్టాను. ఆమె కాదంటే నా కూతురు పుట్టనట్టే.

ముందు పక్కింటి భీమక్క దగ్గరికి పోయాను. నేతవాళ్ళు. మొదటిసారి గలగలా చెప్పిన మనిషి, ఈసారి మగ్గం ఆపేసింది.

"ఇదేం అడగడమే తల్లీ!" అని, పడుగు దారాల మీద చెయ్యి పెట్టుకుంది. "నలుగురు. రాసుకో. నన్ను కట్టుకున్న ఆయప్పకు గుడక ముగ్గురనే గుర్తుండాది."

ఇల్లిల్లూ అంతే. సరాసరులు యాభై నుంచి ఇరవైకి, పదికి పడిపోయాయి. ఇక మిగిలింది మా ఇల్లు. రెండు పూటలు అత్త చుట్టూ తిరిగి, మూడోపూట పలక తీసుకుని ఎదురుగా కూర్చున్నాను.

"అత్తా, నీకు పుట్టి పోయినోళ్ళు ఎందరు?"

"ఎవురూ లేరు. ఉన్నోడు ఒకడే, వాడూ పాయె."

"పసిబిడ్డల్ని గుడక రాయమన్నాడు మాస్టరు. సున్న వెయ్యాలంట."

"సున్నంటే ఏమీ లేదనే గదమ్మే? లేనిదాన్ని రాసేదేంటికి?"

కోపమొచ్చి పలక ఆమె ఒళ్ళోకి తోశాను. మామ, ఆయన ఇద్దరి వయసులూ కూడితే తొంభై. సున్నలు కలిపితే ఆ తొంభై పెరగదు, కానీ పంచుకునే తలలు పెరుగుతాయి, అని చూపించాను. ఆమె పలకనే చూస్తూ కూర్చుంది.

"వాని తరువాత ముగ్గురు," అంది చివరికి. "ఇద్దరు మగ, ఒక ఆడ. ఒకటి ఏడవను గుడక లేదు."

మూడు సున్నలు వేశాను. తొంభైని ఐదుగురికి పంచితే పద్దెనిమిది వచ్చింది. ఆమె ఆ అంకె మీద వేలు పెట్టింది.

"నలభై ఐదు నుంచి ఈడికి దించినారా, నా బిడ్డలు?"

"దించినారత్తా."

నేను బలపం పట్టుకుని అలాగే ఉన్నాను. అడగను. ప్రాణం పోయినా అడగను.

"ఇంగొకరుండారు గదమ్మే," అంది అత్త. "రాయి. నీ కూతురు."

రాశాను. తొంభైని ఆరుగురికి పంచాను. పదిహేను. ఒక్క సున్న, పేరైనా లేని నా చిట్టితల్లి, ఇంటి ఆయుస్సులో మూడేళ్ళు తనతో తీసుకుపోయింది. అంకె కింద గీత గీశాను. ఏడుపు వినబడకుండా, నా అలవాటు కొద్దీ కొంగు నోట్లో కుక్కుకున్నాను.

అత్త చెయ్యి చాపి ఆ కొంగు లాగేసింది.

"పేరు లేని బిడ్డకు ఏడిస్తే మళ్ళా కడుపు పండదని, మా అత్త నా నోరు మూసె. నేను నీ నోరు మూస్తి. మళ్ళా ఒకరు పుడతారని ఆశ." ఆమె నా కొంగును వదల్లేదు. "నా కొడుకే పాయె. ఇంగ ఈ ఇంట్లో పుట్టేదెవురు? ఎవురి కోసరం ఆపుకునేది? ఏడువు రాజ్యం, గట్టిగా ఏడువు."

నేను నోరు తెరిచేలోగా ఆమే మొదలుపెట్టింది.