కూర్చుని తోలడమేగా

"కూర్చుని తోలడమేగా, అందులో కష్టమేముంది?" అని ఆ పొద్దున అతను మళ్ళీ అన్నాడు. అప్పుడామె షెడ్డులో గొంతుక్కూర్చుని, మరలు రెండు నోట్లో పట్టుకుని, బోర్డు అడుగున రెక్కలు బిగిస్తోంది. పక్కన బకెట్లో నిన్నటి తువ్వాళ్ళు నానుతున్నాయి. లోపల పొయ్యి మీద ఇంటివాళ్ళకీ నేర్చుకోడానికి వచ్చేవాళ్ళకీ కలిపి వంట ఉడుకుతోంది. నడుము పట్టేసింది, ఈ ఒక్క పూటకి పడవ ఇంకెవరిచేతైనా తోలించమని ఆమె అడిగింది. దానికి వచ్చిన జవాబది. నోట్లో మరలున్నాయి కాబట్టి బదులు చెప్పలేదు. లేకపోయినా చెప్పేది కాదు. చెప్పి చెప్పి నోరు అరిగిపోయింది.

వాళ్ళది రిజర్వాయరు ఒడ్డున వేక్‌సర్ఫింగ్ నేర్పే చోటు. ముందు పడవ వెళ్తుంటే దాని వెనక అల లేస్తుంది. తాడు పట్టుకుని ఆ అల మీదికి లేచి, కాళ్ళు కుదిరాక తాడు వదిలేసి, బోర్డు మీద నిలబడి సాగిపోవడమే ఆట. అందరూ అతన్ని కోచ్ అంటారు. ఆమెని కోచ్‌గారి భార్య అంటారు. ఎవరికి ఏ బోర్డో చూసి సిద్ధం చేసేది మాత్రం ఆమే. కొత్తవాళ్ళకి పొడవుగా, మందంగా ఉన్నది ఇస్తుంది. దాని అడుగున పెద్ద రెక్కలు బిగిస్తే అలని కరుచుకుని వేగం పుంజుకుంటుంది, చెప్పినమాట వింటుంది. చెయ్యి తిరిగినవాళ్ళకి పలచటి పొట్టి బోర్డు, వెనక చిటికెనవేలంత రెక్క ఒక్కటే. దానికి పరుగు తక్కువ, కాని బొంగరంలా తిరుగుతుంది. రవ్వంత ఏమరితే జారి పక్కకి పోతుంది. ముందు కాలి మీద బరువు వేస్తే దూకుడు, వెనక కాలి మీద వేస్తే కళ్ళెం. ఇవన్నీ ఒకప్పుడు ఆమె అరికాళ్ళు నేర్చుకున్నవి.

అసలు వాళ్ళిద్దరికీ పరిచయమైందే నీళ్ళలో. ఆ రోజుల్లో ఎవరో ఒకరి పడవ వెనక ఒకే బోర్డు పంచుకునేవాళ్ళు. అతను పడ్డప్పుడు ఆమె నవ్వేది, ఆమె పడ్డప్పుడు అతను నవ్వేవాడు. పెళ్ళయి సొంత పడవ వచ్చాక ఎవరో ఒకరు స్టీరింగు దగ్గర కూర్చోవాల్సి వచ్చింది. ముందు నేను, తరవాత నువ్వు అన్నాడతను. ఆ తరవాత అనేది ఎప్పుడూ తరవాతే ఉండిపోయింది. ఓసారి ఆమె బోర్డు చంకన పెట్టుకుని బయల్దేరితే అత్తగారు గుమ్మంలో నిలబడి, ఇద్దరూ నీళ్ళలో గంతులేస్తే ఇల్లెవరు చూస్తారమ్మా అంది. మెత్తగానే అంది. ఆవిడ ఏదన్నా మెత్తగానే అంటుంది, అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు.

కడుపుతో ఉన్నప్పుడూ తోలింది. గెంతులూ కుదుపులూ వద్దని నర్సు చెప్పింది. కాని ఆ వారమంతా జనం వస్తామన్నారు, వద్దంటే పేరు పోతుందని కోచ్ బతిమాలాడు. పొత్తికడుపులో పట్టేసినట్టయి, కాళ్ళ మధ్య తడి తెలిసినప్పుడు ఆమె చెయ్యి పడవ వేగం పెంచి తగ్గించే లీవరు మీదే ఉంది. వెనక అల మీద ఒక పిల్ల మొదటిసారి తాడు వదిలి, సంతోషం పట్టలేక కేకలేస్తోంది. ఇప్పుడు ఆపితే ఆ పిల్ల పడిపోతుందని ఆగలేదు. ఒడ్డుకి వచ్చాక అతను సీటు మీది నెత్తురు చూశాడు. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాక, తన మీదికి రాకుండా ముందే అనేశాడు. నువ్వేం పరిగెత్తావా, ఎగిరావా, కూర్చుని తోలావు, అలా రాసిపెట్టి ఉందంతే అన్నాడు. సీటు అత్తగారు కడిగింది. కడిగి ఎండలో పెట్టి, పోయింది మరక అని చెప్పింది.

అప్పటినుంచీ ఆమెకి పొద్దున లేవడమే గండంగా ఉంది. స్నానాలగదిలో నీళ్ళు వదిలేసి, ఆ చప్పుడు చాటున కూర్చుంటుంది. ఏడుపు కూడా రాదు. ఏడుపొస్తే బాగుండునని ఎదురుచూస్తుంది. నాకు ఊపిరాడటం లేదండీ అని ఒకరోజు అతనితో అంటే, కిటికీ తీసి పడుకో అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే కిటికీ తీశాడు. అందుకే ఇంకా భయమేసింది. ఈ మనిషికి ఇంకే మాటలతో చెప్పాలి? పడవ నడుపుతూ అద్దంలోంచి వెనక నీళ్ళని చూసినప్పుడల్లా ఆ నీళ్ళ మీద ఆశ పుట్టేది. అది ఎలాంటి ఆశో తనకే తెలిసేది కాదు. ఆట మీదో, నీళ్ళ అడుగు మీదో.

ఆ పొద్దున వచ్చింది పళ్ళ డాక్టరు ఒక్కతే. నడివయసు మనిషి, భయపడుతూనే నవ్వుతుంది. కొన్నిసార్లు పడి, చివరికి నిలబడి, పడవెక్కి తువ్వాలు కప్పుకున్నాక, స్టీరింగు దగ్గరున్న ఆమెని అడిగింది.

"మీరెక్కరా?"

ఆమె నోరు తెరిచేలోగా కోచ్ నవ్వాడు. "ఇప్పుడెక్కడ డాక్టరుగారూ! ఒళ్ళు మర్చిపోయింది ఎప్పుడో. తనకి స్టీరింగే సుఖం."

"ఎక్కుతాను," అందామె. ఆ గొంతు తనదేనా అనిపించింది.

అతను కనుబొమలెగరేశాడు. డాక్టరు ఎదురుగా కాదనలేక స్టీరింగు ముందుకి జరిగాడు. ఆమె పలచటి బోర్డు జోలికి పోలేదు. మందంగా, పెద్ద రెక్కలున్నదే తీసుకుంది. ఇన్నేళ్ళ తరవాత కాళ్ళకి ఆసరా కావాలి. నీళ్ళు చల్లగా మెడదాకా పాకాయి. మడమలు బోర్డు మీద ఆనించి తాడు పట్టుకుంది.

పడవ ఒక్క కుదుపుతో దూకింది. తాడు చేతుల్లోంచి గుంజుకుపోయింది, ముక్కులో నీళ్ళు. రెండోసారి నిలబడింది. కాని వేగం మరీ ఎక్కువ. అల చదునై నురగగా విరిగిపోయింది, బోర్డు అడుగున తొయ్యడానికేమీ లేక కూలబడింది. మూడోసారి లేచాక బొటనవేలు కిందికి చూపించింది, వేగం తగ్గించమని. అతను అద్దంలోకి చూడటం లేదు. డాక్టరు వైపు తిరిగి ఏదో కబురు చెబుతున్నాడు. పడవ పక్కకి లాగింది, ఆమె వెల్లకిలా పడింది.

"చెప్పానా, బ్యాలెన్సు పోయింది నీకు," అని అక్కడినుంచే అన్నాడు.

మళ్ళీ ఎక్కింది. మళ్ళీ పడింది. అరచేతులు ఎర్రబడ్డాయి. నిజమేనేమో అనుకుంది. బిడ్డని నిలుపుకోలేని ఒళ్ళు ఇంక దేన్ని నిలబెడుతుంది? ఆ మాట ఇంతవరకూ ఎవరూ అనలేదు. ఆమే అనుకుంది, అనుకున్నాక వెనక్కి తీసుకోలేకపోయింది. మొహం నీళ్ళలో పెట్టి అలాగే ఉండిపోయింది. ఎత్తకపోతే ఏమవుతుంది? ఎవరు తోలతారు, అంతేగా. కాని ఒంటిమీదున్న లైఫ్ జాకెట్టు ఆమెని అడగలేదు. వెల్లకిలా తిప్పి పైకి తేల్చింది. గుక్క పట్టినట్టు గాలి లోపలికొచ్చింది. దాంతోపాటు ఇన్నాళ్ళూ రాని ఏడుపూ వచ్చింది.

ఏడుస్తూనే ఆమె పడవ వెనక నీళ్ళని చూసింది. ఇందాక అల ఉండాల్సిన చోట నురగ చెదిరిపోతోంది. ఇలాంటి నీళ్ళ మీద ఎవరూ నిలబడలేరు. ఏ బోర్డైనా, ఎంత పెద్ద రెక్కలైనా. అతనికి ఎన్నడూ ఇలాంటి నీళ్ళు ఎదురుకాలేదు. అతని కాళ్ళ కింద అల చెదరకుండా, నొప్పుల్లో కూడా, లీవరుని వెంట్రుకవాసి కదలనివ్వకుండా పట్టుకున్న చెయ్యి ఎవరిది? తన ఒళ్ళు ఏదీ మర్చిపోలేదు. తనకోసం అలా పట్టుకున్న చెయ్యి లేదు, అంతే.

పడవ చుట్టు తిరిగి దగ్గరికొచ్చింది. అతను నిచ్చెన దించి చెయ్యి చాచాడు. "రా, ఎక్కు. మధ్యాహ్నం వాళ్ళొచ్చే వేళైంది. వాళ్ళకి వడ్డించొద్దూ."

ఒడ్డు మీద అత్తగారు అప్పటికే చెయ్యి ఊపుతోంది. ఆవిడ వెనక కొత్తగా వచ్చినవాళ్ళు సంచులు దించుతున్నారు. ఆమె ఆ చేతిని అందుకోలేదు. పళ్ళు చలికి కొట్టుకుంటున్నాయి. నిచ్చెనని కాలితో తన్ని, వెనక్కి ఈదింది. బోర్డునీ, తాడు పిడినీ దొరకబుచ్చుకుంది.

"ఏంటిది?" అన్నాడతను. డాక్టరుని చూసి నవ్వబోయాడు. డాక్టరు నవ్వలేదు.

పెళ్ళైన రోజునుంచీ ఆమె అతన్ని మీరు అనే పిలిచింది. కోపంలోనూ, నొప్పుల్లోనూ కూడా.

"నువ్వు తోలు," అంది. "అద్దంలో నన్ను చూస్తూ తోలు. నీకు తోలడం వచ్చేదాకా నేను ఒడ్డుకి రాను."

అతను ఒడ్డుని చూశాడు, ఆమెని చూశాడు. ఆమె మడమలు బోర్డు మీద ఆనించి, మోకాళ్ళు గుండెల దాకా ముడుచుకుని, తాడు బిగిసేవరకూ దూరం జరిగింది. వణుకు ఆగలేదు. ఏడుపూ ఆగలేదు. చాలాసేపటికి అతను వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నాడు. చెయ్యెత్తి, అద్దాన్ని ఆమె వైపు తిప్పాడు.

ఒడ్డున అందరూ ఎదురుచూస్తున్నారు. చూడనీ, అనుకుంది.